పెసర వేళ్ల మీద బుడిపెలు: గుళికలు వేయాల్సిన పని లేదు

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం. రెండెకరాల ఎర్ర చల్కలో జూన్ చివర్లో పెసర విత్తాను. దుక్కిలో ఎకరానికి ఒక బస్తా యూరియా వేశాను, వేరే ఎరువేదీ వేయలేదు. పైరు వయసు 28 రోజులు. మధ్యలో వారం రోజులు ముసురు పట్టింది. ఆ తర్వాత చేనంతా పాలిపోయింది, కింది ఆకులు ముందుగా పసుపెక్కాయి. మొక్క పీకి చూస్తే వేళ్లకు ఆవగింజంత బుడిపెలు అక్కడక్కడా ఉన్నాయి. మందుల దుకాణంలో చూపిస్తే నులిపురుగు (వేళ్లను ఆశించే కంటికి కనిపించని పురుగు) పట్టిందన్నారు. ఎకరానికి 10 కిలోల కార్బోఫ్యూరాన్ గుళికలు, మరో బస్తా యూరియా చల్లమన్నారు. గుళికలు తెచ్చాను. ఎప్పుడు వేయాలి? ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: ఎప్పుడూ వేయవద్దు. సంచి విప్పకపోతే బిల్లుతో సహా తీసుకెళ్లి తిరిగి ఇచ్చేయండి. మీ ఫొటోలో ఉన్నవి నులిపురుగు కాయలు కావు. రైజోబియం బాక్టీరియా కాపురముండే బుడిపెలు. పప్పుజాతి మొక్కకు నత్రజని తయారయ్యేదే అక్కడ. మీకు మందు అమ్మినవారు మొక్క వంటగదినే రోగమని చూపించారు.

నమ్మకం కుదరకపోతే మీరే పరీక్షించుకోండి. నులిపురుగు సోకితే వేరే ఉబ్బి ముడులు పడుతుంది, ఆ ముడిని లాగితే వేరు తెగుతుంది. రైజోబియం బుడిపె వేరుకు పక్కన అతుక్కుని ఉంటుంది, బొటనవేలితో తోస్తే రాలిపోతుంది. అయితే మొక్కను పీకి చూడకండి, సగం బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. చేనులో ఐదారు చోట్ల పారతో మట్టిగడ్డతో సహా తవ్వి, బకెట్ నీళ్లలో నానబెట్టి, మెల్లగా కడిగి బుడిపెలను బ్లేడుతో కోయండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే అది పనిచేస్తున్నట్లు. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టం. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు, ఆకుపచ్చగా ఉంటే పని ముగిసింది. 28 రోజుల పైరులో గులాబీ రంగు కనిపించాలి. మీ చేనులో ఎక్కువ భాగం తెల్లవే ఉంటాయని నా అనుమానం.

కారణం మీరు వేసిన యూరియాయే. గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది, బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. ఈ బేరం మొక్కకు ఖరీదైనది. అందుకే వేరు దగ్గర తయారుగా నత్రజని దొరికితే బుడిపెల జోలికి పోదు. చల్క నేలలో నత్రజని తక్కువ కాబట్టి యూరియా కావాలనుకున్నారు. కానీ నత్రజని తక్కువగా ఉన్నచోటే బుడిపెలు బాగా కడతాయి. పెసరకు మొదట్లో ఎకరానికి 8 కిలోల నత్రజని చాలు, అంటే దాదాపు 18 కిలోల యూరియా. అదీ బుడిపెలు పని అందుకునే వరకు ఆసరాగా మాత్రమే. 45 కిలోల బస్తాతో మీరు 20 కిలోలు దాటించారు. మొక్క ఆ యూరియాకు అలవాటుపడింది, ముసురుకు అది ఇసుక నేల దాటి కిందికి కొట్టుకుపోయింది. ఇప్పుడు మొక్కకు అదీ లేదు, ఇదీ లేదు. పైగా నీరు నిలిచిన చోట వేళ్లకు గాలి ఆడక ఉన్న కాసిని బుడిపెలూ ఆగిపోతాయి.

ఇప్పుడు చేయాల్సింది తక్కువే. నిలిచిన నీటిని కాలువ తీసి బయటికి పంపండి. పదును రాగానే సాళ్ల మధ్య గుంటక తోలండి. నేల గుల్లబారి గాలి ఆడితే సగం పని అయినట్టే. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీటిలో కరిగే 19-19-19 ఎరువు లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున, ఎకరానికి 200 లీటర్ల ద్రావణం సాయంత్రం పూట పిచికారీ చేయండి. తేరుకోకపోతే పది రోజులకు మరోసారి. పురుగుమందేదీ అందులో కలపవద్దు, మీరు రాసిన దాంట్లో ఆకును ఆశించే పురుగు ఊసే లేదు. నేలలో మాత్రం ఇక గింజ యూరియా కూడా వేయకండి. కొన్ని మొక్కల్లోనే ఆకుల మీద మెరిసే పసుపు మచ్చలు కనిపిస్తే అది వైరస్ వల్ల వచ్చే పల్లాకు తెగులు. వాటిని వెంటనే పీకి తగలబెట్టండి, అక్కడ ఎరువు పనిచేయదు.

భాస్వరం అసలు వేయలేదు, అది రెండో తప్పు. నత్రజనిని విడగొట్టే పనికి ఏటీపీ (కణాల్లో శక్తిని అందించే పదార్థం) రూపంలో బోలెడు శక్తి కావాలి, ఏటీపీలో ఉండేది భాస్వరమే. పెసరకు ఎకరానికి 20 కిలోల భాస్వరం, అంటే 125 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఆఖరి దుక్కిలో వేయాలి. దాంతో గంధకం, కాల్షియం కూడా అందుతాయి. కానీ ఈ లెక్కను కళ్లు మూసుకుని పాటించవద్దు. పత్తికి, మిరపకు ఏటేటా భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు పోసిన చేలల్లో భాస్వరం పేరుకుపోయి ఉంటోంది. అక్కడ మళ్లీ పోయడం డబ్బు మట్టిపాలు చేయడమే. మీ నేలలో ఎంతుందో దుకాణం బల్ల మీద తేలదు. యాసంగి పంట తీశాక, ఎరువు వేయకముందు, ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతున మట్టి తీసి కలిపి, అరకిలో పరీక్షకు పంపండి. గట్ల దగ్గర, చెట్ల నీడలో, పెంటకుప్ప వేసిన చోట తీయవద్దు.

వచ్చే ఏడు విత్తనశుద్ధి తప్పక చేయండి. కిలో విత్తనానికి శిలీంద్రనాశిని థైరం 3 గ్రాములు పట్టించి ఆరబెట్టండి. తర్వాత 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లారాక 200 గ్రాముల రైజోబియం కల్చర్ కలిపి, ఎకరానికి సరిపడే విత్తనానికి పట్టించండి. నీడలో ఆరనిచ్చి అదే రోజు విత్తండి. వరుస మారితే బాక్టీరియా చస్తుంది, వేడి పాకంలో కలిపినా చస్తుంది. ప్యాకెట్ మీద పంట పేరు, గడువు తేదీ చదవండి. పెసర, మినుము, కంది, వేరుశనగకు ఒకే వర్గం బాక్టీరియా పనికొస్తుంది. సోయా, శనగలవి వేరు, వాటి ప్యాకెట్ పెసరకు పనికిరాదు. ఎండలో పెట్టి అమ్మే ప్యాకెట్ కొనకండి.

పప్పుజాతి పంట వేస్తే నేల దానంతట అదే బలపడుతుందని మీ ఊళ్లో అనుకుంటూ ఉంటారు. కానీ నత్రజనిలో పెద్ద వాటా గింజతో ఇల్లు చేరుతుంది. మిగిలింది ఆకులో, కట్టెలో ఉంటుంది. మొక్కను వేళ్లతో సహా పీకి కళ్లానికి మోసుకుపోతే నేలకు దక్కేదేమీ ఉండదు. కాయలు ఏరుకుని, మొక్కలు పచ్చిగా ఉండగానే కలియదున్నండి. ఆ తర్వాత వేసే మక్కకు ఎంత యూరియా తగ్గించాలో మట్టి ఫలితం చేతికి వచ్చాక రాయండి, చెబుతాను.