తాతల నాటి నాణేలు వేలంలో పెడితే నిజంగా లక్షలు వస్తాయా?

ప్రశ్న: మాది కర్నూలు. మా తాతగారి ట్రంకు పెట్టెలో ఈస్టిండియా కంపెనీ నాటి వెండి రూపాయలు, రామ పట్టాభిషేకం బొమ్మ ఉన్న 1818 నాటి రాగి నాణెం, కొంత పాత ఇత్తడి సామాను దొరికాయి. వేలంలో పెడితే లక్షలు వస్తాయని మా తమ్ముడు అంటున్నాడు. ఎవరికైనా అనుభవం ఉందా?

జవాబు:

ఉంది. లక్షలు రావు. లక్షలు పలికే సరుకు మన ట్రంకు పెట్టెల్లో ఉండదు. ఉండి ఉంటే మీ తాతగారే దాన్ని అమ్మి ఇంకో రెండెకరాలు కొనేవారు.

మీ తమ్ముడిలాగే అందరూ పాతదైతే చాలు ధర వస్తుందనుకుంటారు. వేలం హాల్లో వయసును ఎవడూ పట్టించుకోడు. ఒక్క ఉదాహరణ చెబుతాను. 1911లో ఐదో జార్జి రాజు బొమ్మతో కొత్త రూపాయి వచ్చింది. రాజుగారి అంగీ మీద చిన్న ఏనుగు ఉంటుంది. చెక్కినవాడు ఏం చేశాడో గానీ అది అచ్చం పందిలా కనిపించింది. జనం, ముఖ్యంగా ముస్లింలు, అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం ఆ రూపాయల్ని వెనక్కి తీసుకుని, 1912లో ఏనుగును సరిదిద్ది మళ్ళీ ముద్రించింది. రెండింట్లోనూ ఉన్నది అదే 11.66 గ్రాముల బరువు, అదే రాజు, అదే వెండి. అయినా పంది రూపాయికి ఉన్న గిరాకీ ఏనుగు రూపాయికి లేదు. ఈ రెండింటికంటే యాభై ఏళ్ళు పెద్దది 1862 నాటి విక్టోరియా రూపాయి. అదే తేదీతో ఏళ్ళ తరబడి ముద్రించుకుంటూ పోయారు కాబట్టి ఊరికొక పిడికెడు దొరుకుతాయి. దాన్ని తీసుకెళ్తే వెండి రేటు మీద కాస్త కలిపి ఇస్తారు, అంతే.

కాబట్టి కావలసింది పాతదనం కాదు. ఆ వస్తువు కోసం కొట్టుకు చచ్చే ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కడే ఉంటే వేలం సాగదు. ఈ సంగతి నాకు తరవాత చూసిన బెంగళూరు వేలం హాల్లో కాదు, మా నట్టింట్లోనే తెలిసింది.

మాది గుత్తి దగ్గర పల్లె. మా జేజినాయన పోయాక నాయనా వాళ్ళు అన్నదమ్ములు పంపకాలు పెట్టుకున్నారు. పొలాలు కాగితాల మీద తేలిపోయాయి. తగువంతా సామాన్ల దగ్గర వచ్చింది. ఉయ్యాల బల్లను నరికి పంచలేం కదా. అలాంటి వాటిని నడిమింట్లో పెట్టి ఇంటివాళ్ళ మధ్యే వేలం పాడుకుని, వచ్చిన డబ్బు అందరూ సమానంగా పంచుకోవాలని అనుకున్నారు. ఊరి పెద్దమనిషి ఒకాయన మంచం మీద కూర్చుని పాట నడిపించాడు. గుడి తలనీలాల వేలం నడిపించిన అలవాటు ఉన్న మనిషి కావడంతో గొంతు అదిరిపోయింది.

ఇత్తడి గంగాళాలు, గుండిగలు కిలో లెక్కన పోయాయి. తాంబూలం పెట్టె, దాంతోపాటు చిలక ముక్కులా వంగిన పిడి ఉన్న అడకత్తెర మా నాయన తీసుకున్నాడు. అప్పుడు బయటికొచ్చింది గ్రామఫోన్. మీరు సినిమాల్లో చూసే పెద్ద గొట్టం ఉన్నది కాదు. సూట్‌కేసులా మూసుకునే నల్ల పెట్టె, మూత లోపల కుక్క బొమ్మ. పెద్దనాయన ఐదు వేలన్నాడు. చిన్నాయన ఆరన్నాడు. పదిహేను వేలు దాటేసరికి ఆడవాళ్ళు వంటింట్లో నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నీ ఇంట్లో దాన్ని పెట్టడానికి చోటెక్కడుందిరా?" అన్నాడు పెద్దనాయన.

"చోటు సంగతి నేను చూసుకుంటాలే అన్నా, నువ్వు పాడు."

ఆ పాట గ్రామఫోన్ కోసం కాదని అక్కడున్న అందరికీ తెలుసు. అది పాత బోరుబావి తగాదా. ముప్పై ఎనిమిది వేల దగ్గర పెద్దనాయన కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పెద్దమనిషి ఒకటోసారి, రెండోసారి అంటూ సాగదీసి, గుమ్మం వైపు ఒకసారి చూసి, మూడోసారి కొట్టేశాడు. చిన్నాయన గెలిచాడు. పెట్టె తెరిచి కీ తిప్పితే స్ప్రింగు తెగి గరగరమంది. అలాంటి పెట్టె బెంగళూరు పాత సామాన్ల బజారులో అందులో నాలుగో వంతుకు దొరుకుతుంది. ఇప్పటికీ ఆయన మిద్దె మీద గోనెసంచి కప్పుకుని ఉంది.

ఆ వేడిలో ఒక బిస్కెట్ల రేకు డబ్బాను ఎవరూ పట్టించుకోలేదు. అందులో నల్లబడిన రాగి బిళ్ళలు. మా మేనత్త, "పిల్లోళ్ళు ఆడుకుంటారు, నాకియ్యండప్పా" అని ఆరు వందలకు పాడితే ఎదురు పాడినవాడు లేడు. సాయంత్రం వాటిని చాప మీద పోసి చూశాను. బొటనవేలి గోరుకంటే పెద్దవి, మందంగా ఉన్నాయి. చాలావాటి మీద ఒక వైపు ఏనుగు. అరిగి అరిగి కొన్నింట్లో వీపు గీత ఒక్కటే మిగిలింది. ఒకదాని మీద మాత్రం తొండం, తోక, కాళ్ళ గోళ్ళతో సహా నిక్కచ్చిగా ఉంది. వెనక ఫారసీ అక్షరాలు.

అది మా ఊరి పైసా. మా ఊరిదని ఊరికే అనడం లేదు. 1776లో హైదర్ అలీ మరాఠా సర్దారు మురారి రావు చేతిలోంచి గుత్తి కోటను గుంజుకున్నాడు. తరవాత టిప్పు గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడ టంకశాల నడిపాడు. నాణెం వెనక ఉండేది ఆ పేరే. కొన్నింటి మీద తేదీ అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి, అది కూడా టిప్పు పెట్టిన పద్ధతే. మీ జిల్లా వాళ్ళకూ మా జిల్లా వాళ్ళకూ కోట అంటే సినిమా షూటింగే గుర్తొస్తుంది గానీ, అక్కడ డబ్బులు ముద్రించారని బడిలో ఒక్క మేస్టారూ చెప్పలేదు.

సరే, వాటిని బెంగళూరులో నాణేల వేలం వేసే ఒక సంస్థ దగ్గరికి తీసుకెళ్ళాం, అత్తా నేనూ. ఇక్కడే నాకు కోపం వచ్చే విషయం ఉంది. బయల్దేరే ముందు రోజు అత్త సగం నాణేల్ని దేవుడి సామానుతో కలిపి చింతపండు, బూడిద వేసి తోమేసింది. "అంత పెద్దోళ్ళ దగ్గరికి మురికివి తీసుకుపోతామా?" అని ఆమె న్యాయం. అవి ఎర్రగా, కొత్త రాగి తీగలా మెరిసిపోతున్నాయి. బల్ల అవతల కూర్చున్న కుర్రాడు కంటికి భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూశాడు. మెరిసేవాటిని ఒక్క మాట కూడా అనకుండా వేలితో పక్కకు నెట్టేశాడు. నల్లగా ఉన్న ఆ నిక్కచ్చి ఏనుగు దగ్గర మాత్రం ఆగి, తూకం వేసి, ఇంకోసారి చూశాడు.

రాగి మీద రెండు వందల ఏళ్ళుగా పట్టిన ఆ నల్లటి పొరే దానికి సాక్షి. దాన్ని తోమేస్తే నాణెం మీద గీతలు పడతాయి, అక్షరాల అంచులు పోతాయి, అది దొంగదో దొరదో చెప్పడం కూడా కష్టమైపోతుంది. మన ఇళ్ళల్లో పండగొస్తే తోమకుండా ఏదీ వదలం. పండగ శుభ్రత మంచిదే, పూజ గిన్నెల వరకు.

వేలం పెద్ద హోటల్ హాల్లో జరిగింది. పూలు, కుర్చీలు చూసి అత్త ఎవరిదో పెళ్ళనుకుంది. ముందే కేటలాగు వేస్తారు, ప్రతిదానికీ లాటు నంబరు, ఫొటో, అంచనా ధర ఉంటాయి. ఇంతకు తక్కువైతే ఇవ్వం అని రిజర్వు ధర ఒకటి పెట్టుకోవచ్చు. హాల్లో ఉన్నవాళ్ళు నంబరు అట్ట ఎత్తుతారు. అసలు పోటీ ఆన్‌లైన్‌లో ఉంటుంది, ఎక్కడెక్కడి వాళ్ళో తెర మీద అంకెలై కనిపిస్తారు. మా అరిగిన ఏనుగులన్నిటినీ కలిపి ఒకే లాటు చేశారు. దానికి కనీస ధర దగ్గర ఒకే ఒక్క అట్ట లేచింది, మా మెరుపు నాణేలకైతే అదీ లేదు, వెనక్కి ఇచ్చేశారు. నిక్కచ్చి ఏనుగు అంచనా రెండు వేలు. హాల్లో ఒక ముసలాయన, తెర మీద ఒక అంకె, ఇద్దరూ పట్టు వదలకుండా ఐదున్నర వేల దాకా లాక్కెళ్ళారు. టిప్పు టంకశాలలన్నిటి నాణేలూ సేకరిస్తున్నవాళ్ళట, ఇద్దరి పెట్టెల్లోనూ గుత్తి ఖాళీ కాబోలు. మొత్తం నిమిషం పట్టలేదు. మా చిన్నాయన, పెద్దనాయన నాకు ఎదురుగా కనిపించారంటే నమ్మండి.

డబ్బు చేతికి వెంటనే రాదు. కమిషన్ పట్టుకుని, కొన్నవాడు కట్టాక, తీరుబడిగా బ్యాంకులో వేశారు. "బస్సు ఛార్జీలు, నీ కాఫీలు పోను నాకెంత మిగిలిందిరా?" అని అత్త లెక్క అడిగింది. ఆ లెక్క ఇక్కడ రాయను.

ఇక మీ ఇత్తడి సామాను. అసలు నష్టం ఎప్పుడో జరిగిపోయింది. నా చిన్నప్పుడు సైకిల్ మీద స్టీలు సామాన్లవాడు వచ్చేవాడు. "పాత ఇత్తడికి కొత్త స్టీలు" అని అరిస్తే చాలు, వీధి వీధంతా గుండుచెంబులు, కంచు గిన్నెలు, చేతి పనితనం ఉన్న పాన్‌దాన్లు తెచ్చి తక్కెట్లో వేసేది. బదులుగా పల్చటి స్టీలు డబ్బాలు. వాటి మీద పేర్లు చెక్కించుకుని మురిసిపోయేవాళ్ళు. ఆ ఇత్తడీ కంచూ అంతా కొలిమిలో కరిగి మళ్ళీ రేకైపోయింది. సీమలో మంచి ఇత్తడి ఎందుకు దొరకదని ఇప్పుడు డీలర్లు ఏడుస్తుంటారు. మీ దగ్గర మిగిలిందంటే మీ ఇంటి ఆడవాళ్ళకు దండం పెట్టండి. మామూలు బిందెలు, గంగాళాలైతే తూకం ధరే వస్తుంది. పనితనం ఉన్నవి, ఊరి పేరో కులపెద్ద పేరో చెక్కినవి విడిగా చూపించండి.

ఆ సామానులో దేవుడి విగ్రహాలు ఉంటే మాత్రం తొందరపడకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు, రాతప్రతులకైతే డెబ్బై ఐదేళ్ళే. వందేళ్ళు దాటిన విగ్రహాలను, చిత్రాలను రిజిస్టరు చేయించాలి. వాటి వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. దేశం దాటించడం నేరం. పొలంలో దొరికినవైతే ఇంకో చట్టం ఉంది, 1878 నాటిది. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలి. ఆ పది రూపాయల లెక్క ఇప్పటికీ మారలేదు! మన దగ్గర చట్టం సంగతి పక్కన పెట్టి, గుప్తనిధులని రాత్రిళ్ళు గుళ్ళు తవ్వి నందుల్ని పగలగొట్టేవాళ్ళకు కొదవ లేదు. బియ్యం గింజల్ని తనవైపు లాక్కునే మహిమ ఉన్న రైస్ పుల్లింగ్ చెంబని, పిడుగు పడిన రాగి అని చెప్పి మోసం చేస్తూ తిరిగేవాళ్ళు ఇంకో రకం. ఎవడైనా మీ ఇత్తడి చెంబు దగ్గర బియ్యం గింజలు పెట్టి చూస్తానంటే గేటు వేసేయండి.

యూట్యూబు గురించి కూడా మీ తమ్ముడికి చెప్పండి. ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు ఐదు లక్షలని వీడియో పెడతారు. ఫోన్ చేస్తే మొదట రిజిస్ట్రేషన్ ఫీజు, తరవాత ట్యాక్స్ అంటారు. మా వీధిలో డిగ్రీ చదివిన కుర్రాడే కట్టాడు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని మరీ చేస్తుంటే, ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు, నాణేలు మేం కొనం, కమిషన్లు అడగం అని. నిజంగా కొనేవాడు మీ దగ్గర ముందుగా డబ్బు అడగడు.

మీ వెండి రూపాయల మీద 1835 గానీ 1840 గానీ ఉంటే మామూలు రకమే, తోమకుండా ఫొటోలు తీసి ఇద్దరు ముగ్గురు డీలర్లకు చూపించండి. మధ్యలో ఆరో జార్జి రూపాయి ఉండి, దాని మీద 1939 అని కనిపిస్తే ఎగిరి గంతేయకండి. అది నిజంగా అరుదైనదే, అందుకే 1938ని గీకి 1939 చేసినవి ఎక్కువ తిరుగుతుంటాయి. రామ పట్టాభిషేకం ఉన్న 1818 నాణెం మాత్రం కంపెనీ ముద్రించింది కాదు. తరవాతి కాలంలో ఎవరో జనానికి అమ్ముకోవడానికి చేసిన బిళ్ళ అది. మీ తాతగారు ఏ తిరునాళ్ళలోనో కొని ఉంటారు. దేవుడి గూట్లో పెట్టుకోండి, దాన్ని మాత్రం ఎంత తోమినా ఫర్వాలేదు.