ఆఖరి ట్రిప్పు అయినంక కథేంది?

ప్రశ్న: అన్నా, నేను హనుమకొండల డిగ్రీ చదువుతున్న, దోస్తులతోని షార్ట్ ఫిల్మ్ తీద్దామని కథ రాసిన. హీరో కాజీపేటల ఆటో నడుపుతడు, భద్రాచలం దిక్కు నుంచి గంజాయి బ్యాగులు తెచ్చిస్తుంటడు, చెల్లె పెండ్లి కుదిరినంక ఈ దందా బంద్ చేస్తా అంటడు, సేటేమో ఆఖరిది ఒక్క ట్రిప్పు కొట్టు అంటడు. క్లైమాక్స్‌ల వేయి స్తంభాల గుడి కాడ కాల్పులు, హీరో చచ్చిపోతడు. మావోళ్లు రొటీన్ అంటున్రు. ఎట్ల మార్చాలె?
– ఒక పాఠకుడు, నయీంనగర్

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ గుడి సంగతి మర్చిపో, పురావస్తు శాఖ పర్మిషన్ వచ్చేసరికి నీ డిగ్రీ అయిపోయి నీ పెండ్లి గూడ అయితది. మీ దోస్తులు అన్నది కరెక్టే, హీరోని చంపితే రాసేటోనికి ఆసాన్, దందా ఇడిసినంక వాడు ఎట్ల బతికిండో చూపెట్టే తిప్పలుండదు.

నీ కథల అసలు టెన్షన్ ఆ బ్యాగుల ఉంది, నువ్వేమో 'బ్యాగ్ తీస్కుంటడు' అని ఒక్క లైన్‌ల తేల్చేసినవ్. మత్తుమందుల మీద 1985ల తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంల గంజాయికి 20 కిలోల కాడ గీత ఉంటది. కిలో దాటి ఆ గీత లోపల దొరికితే పదేండ్ల దాకా శిక్ష పడొచ్చు, గీత దాటితే పదేండ్లకు తక్కువ పడదు, 20 ఏండ్ల దాకా పోవచ్చు. బెయిల్ కూడా కష్టమే, 37వ సెక్షన్ ప్రకారం సర్కారు వకీలు మాట ఇన్నంక, వీడు తప్పు చెయ్యలేదేమో, బయటికొచ్చి మళ్ల చెయ్యడేమో అని జడ్జికి అనిపించాలె.

ఇప్పుడు సీన్ చూడు. బ్రౌన్ టేపు చుట్టిన రెండు కిలోల ప్యాకెట్లు, హీరో లెక్కపెడతడు, పది. ఛాయ్ తాగొచ్చేలోపు సేటు మనిషి పదకొండోది కుక్కి జిప్పు గుంజుతడు, జిప్పు సగంల ఇరుక్కుంటది. గంతే, ఇగ తుపాకీతోని పనేంది?

'నాకు తెల్వద్ సార్' అని పోలీసుల ముందట డైలాగ్ పెట్టినవ్ గద, 35వ సెక్షన్ కింద కోర్టు వీనికి తెలుసనే అనుకుంటది, తెల్వదని వీడే నిరూపించుకోవాలె. అందుకే ఆ డైలాగ్ తీస్కపోయి చెల్లె ముందట చెప్పియ్యి, ఆమె నమ్మిందో లేదో చెప్పకు.

ఇంకో మాట. ట్రిప్పు కాడనే కథ ఆపకు. కొన్నేండ్లకు బెయిల్ మీద బయటికొచ్చిండనుకో, మళ్ల ఆటో నడుపుకుంటుండు, నంబర్ మార్చిండు, సేటు గల్లీ దిక్కు పోతలేడు. మరి వాయిదాకు అదాలత్ కాడికి పోవాల్నాయె! అదే కేసుల ఏ2, అంటే రెండో నిందితుడు, ఎవడు, ఆ ప్యాకెట్ కుక్కినోడే గదా. ఎవరిని ఇడిసిపెట్టి వచ్చిండో వాళ్లే వాయిదా వాయిదాకు అదే బెంచి మీద పక్కకొచ్చి కూసుంటరు. నీ క్లైమాక్స్ అక్కడుంది. వాడు ఛాయ్ చెప్పి, 'ఆటో కిస్తీలు ఇంక ఎన్నున్నయ్ రా' అని మెల్లగ అడుగుతడు. హీరోతోని జవాబు చెప్పియ్యకు, రెండు ఛాయ్‌ల పైసలు మాత్రం వీనితోనే కట్టియ్యి.