ఎవరి దిండు కింద?

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ నిన్న మధ్యాహ్నం చదివాను, సాయంత్రం మళ్ళీ చదివాను. పెళ్ళికి బయల్దేరుతూ ఒకావిడ పిన్నీసు కోసం ఇల్లంతా గాలించడం మీద కథ రాయాలని నీకు తోచినందుకే నీ మీద నమ్మకం కుదిరింది.

కానీ "ఇల్లంతా వెతికింది, ఎక్కడా దొరకలేదు, టెన్షన్ పెరిగిపోయింది" అని ఒక్క వాక్యంలో దాటేశావు. కథంతా అక్కడే ఉందమ్మా. ముందు ఎక్కడ చూసింది? క్యాలెండర్ అంచునా, దువ్వెనల డబ్బాలోనా? పోపుల పెట్టె మూత తీసిందంటే చిల్లర డబ్బులు దాచే చోటే పిన్నీసులూ దాస్తుందని తెలుస్తుంది. కొడుకు చొక్కా తడిమిందంటే, దాని గుండీ ఊడి ఎన్నాళ్ళయిందో నువ్వు చెప్పనక్కర్లేదు. పాత బిస్కెట్ల డబ్బాలో దారపు ఉండలూ హుక్కులూ కలియబెడితే అడుగున ఒకటి దొరుకుతుంది, తుప్పు పట్టి. దాన్ని పట్టుచీరకి పెట్టలేదు. మరక పడితే పోదు, మొన మొద్దుబారితే పోగు లాగేస్తుంది. దొరికాక కూడా మళ్ళీ వెతకాల్సి వచ్చినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంది? అది నాకు కావాలి.

వాల్టర్ హంట్ పేరా తీసెయ్. 1849లో అమెరికాలో ఆయన పిన్నీసుకి పేటెంట్ తీసుకోవడం, ఆ హక్కుల్ని 400 డాలర్లకే అమ్మేసుకోవడం నిజమే. నాకూ ఆ మనిషి మీద జాలే. తోక దగ్గర తీగని మెలితిప్పి స్ప్రింగు చేయడం, మొన గుచ్చుకోకుండా టోపీ పెట్టడం చాలా గొప్ప ఆలోచన. అయితే బయట ఆటో హారన్ కొడుతుంటే ఆవిడకి అమెరికా గుర్తు రాదు. ఆ మెలికలో చీర ఇరుక్కుంటుందని మాత్రం తెలుసు. అందుకే పిన్నీసుకి ముందు ఒక పూస ఎక్కించి, ఆ తర్వాతే గుచ్చుతుంది. ఆ పూస గురించి రాయి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు రేపల్లె నుంచి తెనాలి పెళ్ళికి వెళ్తుంటే, గడప దగ్గరే నా హవాయి చెప్పు పట్టీ ఊడింది. ఇంట్లో ఎక్కడా పిన్నీసు లేదు. రైలు టైమైపోతోంది. అమ్మ తన భుజం మీది పిన్నీసు తీసి, చెప్పు తిరగేసి, పట్టీ బుడిపెకి అడ్డంగా గుచ్చింది. ఇక రైల్లోనూ, పెళ్ళి పందిట్లోనూ, ఆకు ముందు కూర్చున్నప్పుడు కూడా ఎడం చేత్తో పైట పట్టుకునే ఉంది. చాలా ఏళ్ళకి దాన్ని కథగా రాస్తూ "అమ్మ త్యాగం" అని ఒక వాక్యం రాశాను. మర్నాడు కొట్టేశాను. ఆ ఎడం చెయ్యి ఒక్కటే ఉంచాను.

నీ కథలో పిన్నీసు చివరికి దిండు కింద దొరికింది. ఎవరి దిండు? అక్కడికి ఎలా చేరింది? నీకు తెలిసే ఉంటుంది, కాగితం మీదికి రాలేదంతే. ఆ ఒక్క చోట తొందరపడకు, పేజీ పెరిగినా పర్లేదు.

తిరగరాసి పంపు. ఈలోగా మీ అమ్మగారి గాజులకి ఎన్ని పిన్నీసులు వేలాడుతున్నాయో చూసి, ఏది దేనికోసం దాచుకున్నారో అడిగి, అది కూడా ఉత్తరంలో రాయి.

ఆశీస్సులతో.