ఆకులు రాలే కాలంలో పిల్లల చేత ఏ క్రాఫ్ట్స్ చేయించాలి? నన్నడిగితే ఏవీ వద్దు

ప్రశ్న అడిగినావిడ పరిస్థితి ఇదండీ: ఇద్దరు పిల్లలు, ఒకరికి 5, ఒకరికి 8. బయట ఆకులు రంగులు మారి రాలుతున్నాయి, సాయంత్రం తొందరగా చీకటి పడిపోతోంది, పిల్లలు ఇంట్లోనే తిరుగుతున్నారు. ఏదైనా చేయిద్దామని వీడియోలు చూసి సామానంతా టేబుల్ మీద సర్దిపెడితే 10 నిమిషాలకి లేచిపోతున్నారట, మిగతాది ఈవిడే పూర్తిచేసి ఈవిడే ఊడ్చుకుంటున్నారట. పిల్లలు కుదురుగా కూర్చునే క్రాఫ్ట్ ఏదో చెప్పమన్నారు, రాలిన ఆకులతో ఏం చేయొచ్చో కూడా అడిగారు.

అలాంటిది లేదండీ. నా సలహా ఒకటే, పిల్లల కోసం ఏమీ సర్దిపెట్టకండి. మీకంటూ ఒక పని పెట్టుకోండి, నిజంగా ఇంటికి పనికొచ్చే పని, అదే టేబుల్ దగ్గర కూర్చుని చేసుకోండి, వాళ్ళని రమ్మనకండి. వాళ్ళే వస్తారు. "నీ కోసమే నాన్నా" అని పెట్టిన పనిని పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు, అందులో ఏదో హోంవర్క్ దాక్కుని ఉందని వాళ్ళకి తెలుసు. అదే అమ్మ తన పనిలో మునిగిపోయి, పిలిచినా సరిగ్గా పలకట్లేదనుకోండి, అక్కడేదో విశేషం ఉందని వచ్చి మోచెయ్యి కింద దూరతారు. ఏ పిల్లలైనా ఇంతే, రాసిస్తా కావాలంటే.

నా పని బొంత. చలి ముదిరేలోపు ఒకటి కుట్టాలని పెట్టుకుంటాను, కొన్నేళ్ళు అవుతుంది కొన్నేళ్ళు అవదు. పాత దుప్పట్లు, పిల్లలకి పొట్టయిపోయిన బట్టలు ముందే ఉతికి ఆరేసి పెట్టుకుంటా, ఎందుకంటే కుట్టాక ఉతికితే ఒక ముక్క కుంచించుకుపోయి ఇంకోటి అలాగే ఉండి బొంతంతా ముడతలు పడుతుంది, ఎరుపు ముక్క ఉంటే రంగు పక్కవాటికి అంటుకుంటుంది. టీషర్టు బట్ట, మామూలు నేత బట్ట కలిపి కుట్టకూడదు, టీషర్టు సాగుతుంది. పైన ముక్కలు అతికిన బట్ట, మధ్యలో పాత మెత్తటి దుప్పటి, అడుగున ఇంకో బట్ట, ఈ మూడూ నేల మీద పరిచి కచ్చా కుట్టు (తర్వాత విప్పేసే పొడుగు కుట్టు) వేశాక నడిమధ్య నుంచి అంచుల వైపు కుట్టుకుంటూ రావాలి. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో బట్ట ఉబ్బి పోగవుతుంది, ఇక దాన్నేం చేయలేరు. మెషీన్ మీద కూడా కుట్టుకోవచ్చు కానీ మెషీన్ చప్పుడులో పిల్లల మాటలు వినపడవు, చేత్తో అయితే కబుర్లు చెప్పుకుంటూ కుట్టుకోవచ్చు. మా అత్తగారు ఈ విషయంలో నాకంటే గట్టి మనిషి, ఆవిడ కుట్టు గీత గీసినట్టు ఉంటుంది, నాది పక్కకి పోతే "ఏమ్మా ఎటు వెళ్తున్నావు" అంటారు.

సరే అసలు సంగతికి వస్తా. పోయిన ఏడాది మా చిన్నోడు పార్కుకెళ్ళినప్పుడల్లా జేబుల నిండా ఓక్ కాయలు తెచ్చేవాడు, అదే టోపీ పెట్టుకున్నట్టుండే కాయలు, ఏకార్న్స్ అంటారు కదా. ఉతికేటప్పుడు జేబులు చూసుకోకపోతే మెషీన్‌లో టకటకలాడేవి. వాడివన్నీ ఒక గిన్నెలో పోసి నేను కుట్టుకునే టేబుల్ పక్కన అలమరా మీద పెట్టుకున్నాడు, ఎవరూ ముట్టుకోకూడదు. ఒక సాయంత్రం నేనూ అత్తగారూ చెరో పక్క కూర్చుని కుడుతున్నాం, మా పెద్దది ఏదో బొమ్మలేసుకుంటోంది, మా ఆయన లోపల గదిలో మీటింగులో ఉన్నారు. టప్ మని ఏదో బొంత మీద పడింది. చూస్తే తెల్లగా బొద్దుగా, కాళ్ళూ లేవు ఏమీ లేవు, గోధుమరంగు తలకాయొకటి, నెలవంక లాగా వంకర తిరిగిన పురుగు. మెలికలు తిరుగుతోంది. ఇంకోటి అలమరా అంచున వేలాడుతోంది. గిన్నెలోకి చూస్తే ఇంకా ఉన్నాయి.

పెద్దది కుర్చీ ఎక్కి కేకలు, అత్తగారు కాళ్ళు పైకి పెట్టేసుకుని "చీపురు తే చీపురు తే" అని గగ్గోలు, మా ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే తలుపు తీసి చూసి, పరిస్థితి అర్థమై, మళ్ళీ తలుపేసుకున్నారు. (ఇంట్లో ఏం జరిగినా ఆ మీటింగులు మాత్రం ఆగవు, అదేం మాయో.) చిన్నోడొక్కడే నవ్వుతూ "అమ్మా ఇవి నా కాయల్లోంచే వచ్చాయి, చూడు చూడు కన్నం" అని ఒక కాయ పట్టుకొచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. నిజమే, సూదితో కాదు, సన్నటి మేకుతో కొట్టినట్టు గుండ్రటి కన్నం.

తర్వాత చదివితే తెలిసిందేమిటంటే అవి ముక్కు పురుగు జాతివట. డబ్బాల్లో పట్టే ముక్కు పురుగు మనందరికీ తెలుసు కదా, దానికి చుట్టమే కానీ దీని ముక్కు ఇంకా పొడుగు. ఎండాకాలంలో కాయ ఇంకా చెట్టు మీద పచ్చిగా ఉన్నప్పుడే తల్లి పురుగు ఆ ముక్కుతో చిన్న బెజ్జం చేసి లోపల గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపలి పప్పంతా తింటూ పెరుగుతుంది, కాయ నేల మీద పడ్డాక గుండ్రంగా కన్నం కొరుక్కుని బయటికొచ్చి మట్టిలోకి దూరిపోతుంది. అక్కడ ఏడాదో రెండేళ్ళో ఉండి అప్పుడు రెక్కల పురుగై పైకొస్తుంది. అంటే కన్నం ఉన్న కాయ చూసి పురుగుందని పారేస్తాం చూడండి, అది తిరకాసు. కన్నం ఉందంటే పురుగు వెళ్ళిపోయినట్టు. ఏ కన్నమూ లేకుండా నున్నగా మెరుస్తున్న కాయలోనే అది ఇంకా కూర్చుని ఉండొచ్చు. మీరు అలంకరణకి కాయలు ఏరుకుంటే ముందు నీళ్ళలో వేయండి, తేలేవి చాలావరకు డొల్లవో పురుగు తిన్నవో అయి ఉంటాయి, తీసెయ్యండి. మునిగినవి తుడిచి ఆరబెట్టి ఓవెన్‌లో బాగా సన్నటి వేడి మీద, 90 డిగ్రీలకి అటూఇటూగా, అరగంట పైన ఉంచితే ఇక బొంత మీదికి ఎవరూ దూకరు.

మా వాడు మాత్రం ఓవెన్ మాటెత్తితే ఏడుపు లంకించుకున్నాడు. దాంతో చీపురు పక్కన పెట్టి గాజు సీసాలో మట్టి పోయించాడు, ఒక్కో పురుగునీ చెంచాతో ఎత్తి మట్టి మీద పెడితే అవి తల కిందకి పెట్టి చూస్తుండగానే లోపలికి దిగిపోయాయి. కుర్చీ మీద నుంచి పెద్దది ఎప్పుడు దిగిందో తెలీదు, అదీ వచ్చి సీసాకి ముక్కు ఆనించింది. మూత పెడితే గాలాడదు, తీసి ఉంచితే అత్తగారు ఊరుకోరు. అప్పుడది బొంత ముక్కల్లోంచి పల్చటిది ఒకటి ఏరుకుని, సీసా మూతి మీద పెట్టి చుట్టూ గీసుకుని, కత్తిరించి, అంచు మడిచి తనే కుట్టింది, లోపల దారం దూర్చి బిగించేట్టు. ఎవరూ చెప్పలేదు. కుట్లు ఒకటి పొడుగు ఒకటి పొట్టి, ఒక చోట తన గౌనుకి కలిపి కుట్టేసుకుంది కూడా, విప్పి మళ్ళీ కుట్టింది. అదే పిల్ల అంతకు ముందు వారం నేను పేపర్ ప్లేట్లు, రంగు కాగితాలు, జిగురు అన్నీ కత్తిరించి వరసగా పెట్టి ఆకుల గుడ్లగూబ చేద్దాం రావే అంటే ఒక కన్ను అతికించి వెళ్ళిపోయింది.

ఇంకో విశేషం, తర్వాత అత్తగారిని పట్టుకుని గొలుసుకుట్టు నేర్చుకుని బొంతలో ఒక మూల తెల్లదారంతో ఆ పురుగుని కుట్టింది. గొలుసుకుట్టులో లింకుల్లింకులుగా వస్తుంది కదా, పురుగు ఒంటికి అది అచ్చంగా సరిపోయింది. పురుగంటే కాళ్ళు పైకి పెట్టుకున్నావిడే దగ్గర కూర్చుని "తలకాయకి గోధుమరంగు దారం వెయ్యవే" అని సలహాలు. సీసాలో మట్టి తర్వాత ఓక్ చెట్టు మొదట్లో పోసి వచ్చాం, అన్నేళ్ళు సీసాలో ఉంచితే బతకవని వాడికి నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మీరు ఆకుల సంగతి కూడా అడిగారు కాబట్టి గబగబా చెప్పేస్తా. తడి లేని ఆకులు ఏరి పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు, మొదటి రెండు మూడు రోజులు పేపరు మార్చండి లేకపోతే బూజు పడుతుంది, వారం పది రోజుల్లో ఆరిపోతాయి. ఎండ పడే గోడకి తగిలిస్తే రంగు వెలిసిపోతుంది. మెత్తగా వంగేట్టు కావాలంటే ఒక వంతు గ్లిజరిన్‌కి రెండు వంతుల నీళ్ళు కలిపి పళ్ళెంలో పోసి ఆకులు మునిగేట్టు కొన్ని రోజులు ఉంచండి, రంగు కాస్త ముదురుతుంది కానీ పెళుసుగా విరగవు. తొందరపడే పిల్లలకైతే ఆకు ఈనెల వైపు పైకి పెట్టి దాని మీద కాగితం వేసి క్రేయాన్ పడుకోబెట్టి రుద్దమనండి, ఖర్చు లేదు, చెత్త లేదు.

ఎందుకు రంగు మారతాయని అడుగుతారు, మా పెద్దది అడిగింది. పగలు చిన్నదయ్యి చలి మొదలవగానే చెట్టు ఆకుల్లో పత్రహరితం తయారుచేయడం ఆపేస్తుంది, ఉన్నది విరిగిపోతుంది, దాని కింద ఇన్నాళ్ళూ కనపడకుండా ఉన్న పసుపు, నారింజ బయటపడతాయి. ఎరుపు మాత్రం అలా దాక్కుని ఉండేది కాదు, చాలా చెట్లు దాన్ని ఆ సీజన్లోనే ఆకులో మిగిలిపోయిన చక్కెరతో కొత్తగా చేసుకుంటాయి. అందుకే పగలు బాగా ఎండ కాసి రాత్రి గడ్డ కట్టనంత చలిగా ఉన్న ఏడాది ఎరుపు అదిరిపోతుంది. ఇదంతా మా అమ్మాయికి చెప్తే "మరి రాలిపోయే ముందు అంత కష్టపడి రంగెందుకు" అంది. శాస్త్రవేత్తలే దాని మీద ఇంకా వాదించుకుంటున్నారే తల్లీ అన్నా.

ఇక ఆ వీడియోల గురించి ఒక మాట. అందులో పిల్లల చేతులు గమనించారా, జిగురు అంటదు, గోళ్ళలో మట్టి ఉండదు, బల్ల తెల్లగా తళతళలాడుతుంది. సగం పని ఎవరో పెద్దవాళ్ళు చేసి చివర్లో ఒక్క ఆకు పిల్ల చేత పెట్టిస్తారు. బళ్ళో ఇచ్చే ప్రాజెక్టులూ అంతే. "ప్రకృతి నుంచి సేకరించిన వస్తువులతో" అని రాసి పంపుతారు, రాత్రి పిల్లలు పడుకున్నాక తల్లులు కూర్చుని చేస్తారు, పొద్దున అమ్మలందరి పనీ పిల్లల పేర్లతో గోడకెక్కుతుంది. నేనైతే వంకరగానే పంపిస్తా. మా వాడి ముళ్ళపంది ఏ కోణంలో చూసినా బంగాళాదుంప, అయినా వాడు చేసిందే.

ఇంకొకటి, మీరే పని పెట్టుకోవాలి అన్నానని బొంతే కుట్టక్కర్లేదు. రంగు పోయిన స్టూలుకి గరుకు కాగితం రుద్దుకోండి, తెగిపోయిన బొత్తాలన్నీ ఒక రోజు పెట్టుకుని కుట్టండి, పాత స్వెటర్ విప్పి ఉండ చుట్టుకోండి (ఉండ పట్టుకోడానికి పిల్లల చేతులే కావాలి, అది వేరే సంగతి). మీకు ఇష్టం ఉండాలి, అంతే. ఇష్టం లేకుండా చేస్తే అది కూడా పసిగట్టేస్తారు. పిల్లలు వచ్చి కూర్చోలేదా, పోనివ్వండి, మీ స్టూలు మీకు నున్నగా తయారవుతుంది కదా.

గ్లిట్టర్ మాత్రం గడప దాటనివ్వకండి. మామూలుగా దొరికేదంతా ప్లాస్టిక్ పొడే, యూరోపియన్ యూనియన్‌లో అయితే 2023 అక్టోబర్ నుంచి విడిగా ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మనివ్వట్లేదు కూడా. ఎవరో పుట్టినరోజుకి ఇచ్చిన డబ్బా మా పెద్దది ఒక్కసారి మూత తీసింది, మా ఆయన మీటింగులో ఇప్పటికీ చెంప మీద మెరుస్తూ కనిపిస్తారు.