పారడైమ్: ప్రశ్నలే మారిపోయినప్పుడు వాడవలసిన మాట

ప్రశ్న అడిగినవారు మూడు సంగతులు తెలుసుకోవాలన్నారు. పారడైమ్ అంటే ఏమిటి? మైండ్‌సెట్‌కూ దానికీ తేడా ఏమిటి? "ఆన్‌లైన్ తరగతులు విద్యలో పారడైమ్ షిఫ్ట్ (అంటే పారడైమే మారిపోవడం) తెచ్చాయి" అన్న వాక్యం సరైనదేనా? నేను ఇరవై ఏళ్లుగా ఇంగ్లిషు నుంచి తెలుగులోకి సైన్సు వ్యాసాలు అనువదిస్తున్నాను. ఈ మాట పెట్టినంత ఇబ్బంది నన్ను మరే మాటా పెట్టలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఉచ్చారణ. ఇంగ్లిషులో రాసేటప్పుడు చివర 'జి' అక్షరం ఉంటుంది గానీ పలకదు, పారడైమ్ అనాలి. విశేషణంగా మారినప్పుడు మాత్రం ఆ దాగిన అక్షరం బయటికి వచ్చి పారడిగ్మాటిక్ అవుతుంది. మూలం గ్రీకు. అక్కడ 'పారా' అంటే పక్కన, దాని తరువాతి భాగానికి చూపడం అని అర్థం. పక్కన పెట్టి చూపేది, చూసి చేయడానికి ఇచ్చే మచ్చు అన్నమాట.

ఇంగ్లిషులో ఈ మాటకు చాలాకాలంగా ఉన్న వాడుకల్లో ముఖ్యమైనది వ్యాకరణానికి సంబంధించినది. సంస్కృతం నేర్చుకున్నవారికి "రామః రామౌ రామాః" గుర్తుండే ఉంటుంది. రామ శబ్దం కంఠస్థమైతే అకారాంత పుంలింగ శబ్దాలను ఆ దారిలోనే నడిపించవచ్చు, వృక్ష శబ్దాన్ని మళ్లీ విడిగా వల్లె వేయనక్కరలేదు. లాటిన్ నేర్చుకునేవారికి క్రియల పట్టికలు అలాంటివే. ఆ పట్టికనే పారడైమ్ అంటారు. ఈ అర్థంలో తెలుగులో 'రూపావళి' అంటే సరిపోతుంది, ఇక్కడ తగాదా లేదు.

ఆలోచనకు సంబంధించిన అర్థం స్థిరపడింది 1962లో, థామస్ కూన్ శాస్త్ర విప్లవాల మీద రాసిన పుస్తకంతో. ఆయన భౌతికశాస్త్రం చదివి, సైన్సు చరిత్ర వైపు మళ్లిన మనిషి. అలా మళ్లడానికి కారణమైన ఒక అనుభవాన్ని ఆయనే చెప్పుకున్నారు. 1947 వేసవిలో ఒక పాఠం సిద్ధం చేయడానికి అరిస్టాటిల్ రాసిన భౌతికశాస్త్రం చదివారు. అంత గొప్ప మేధావి చలనం గురించి అన్ని తప్పులు ఎలా రాశాడో ఆయనకు అంతుపట్టలేదు. ఒకరోజు ఉన్నట్టుండి విషయం తెలిసింది. అరిస్టాటిల్ 'చలనం' అన్నది రాయి కింద పడటం ఒక్కదాన్నే కాదు. విత్తనం చెట్టు కావడం, రోగి కోలుకోవడం కూడా ఆయన లెక్కలో చలనమే. ఆ ప్రశ్నలు వేరు. న్యూటన్ ప్రశ్నలకు అరిస్టాటిల్ దగ్గర జవాబులు వెతకడమే పొరపాటు.

కూన్ దృష్టిలో శాస్త్రవేత్తలు సూత్రాల కంటే ఎక్కువగా ఉదాహరణలతో తయారవుతారు. భౌతికశాస్త్రం చదివిన వారికి ఇది అనుభవమే. బలం, ద్రవ్యరాశి, త్వరణం సూత్రం ఒక్క నిమిషంలో వచ్చేస్తుంది. వాలుతలం మీద జారే దిమ్మె, ఊగే లోలకం వంటి లెక్కలు చేసి చేసి, కొత్త లెక్క కనిపించగానే "ఇది ఫలానా దానిలాంటిది" అని పట్టుకోవడం వచ్చినప్పుడే ఆ సూత్రం మనదవుతుంది. అలా అందరూ ఒప్పుకుని, అందరూ దిద్దుకునే మచ్చు పారడైమ్. అయితే సైన్సులో అది వ్యాకరణ పట్టికలా యాంత్రికంగా పనిచేయదని, కోర్టు తీర్పు తరువాతి కేసులకు దారి చూపినట్టు చూపుతుందని కూడా ఆయన అన్నారు. ఆ పోలిక నాకు చాలా ఇష్టం.

అయితే కూన్ స్వయంగా ఈ మాటను చాలా వదులుగా వాడారు. మార్గరెట్ మాస్టర్‌మన్ అనే పరిశోధకురాలు ఆ పుస్తకంలో ఈ మాటకు ఇరవై ఒక్క అర్థాలు లెక్కపెట్టి, 1970లో అచ్చయిన వ్యాసంలో చూపించారు. కూన్ కూడా తన పుస్తకానికి తరువాత చేర్చిన మలిమాటలో వాటిని ప్రధానంగా రెండుగా విడదీశారు. ఒకటి, ఒక శాస్త్ర సమూహం పంచుకునే నమ్మకాలు, విలువలు, పద్ధతులు అన్నీ కలిసిన చట్రం. రెండు, ఆ చట్రంలో నడుమ నిలిచే ఉదాహరణలు. కాబట్టి ఈ మాట మీకు అయోమయంగా అనిపిస్తే తప్పు మీది కాదు.

పారడైమ్ అంటే ఏమిటో నాకు పుస్తకాల వల్ల కాక మా నాన్న కడుపునొప్పి వల్ల అర్థమైంది.

నా చిన్నతనంలో నాన్నకు కడుపులో పుండు ఉండేది. ఏడాదికి రెండు మూడుసార్లు మంచం పట్టేవారు. ఆమ్లం తగ్గించే మందులు వాడితే కొన్నాళ్లు తగ్గి, మళ్లీ వచ్చేది. వెళ్లిన ప్రతిచోటా ఒకే రకం ప్రశ్నలు: దేనికైనా బెంగ పెట్టుకుంటున్నారా? కోపం ఎక్కువా? నిద్ర సరిగా పడుతుందా? ఆ ప్రశ్నలు మా ఇంట్లోకి కూడా వచ్చేశాయి. నాకు మార్కులు తక్కువ వచ్చిన ప్రతిసారీ నా వల్లే నాన్న పుండు రేగిందని నమ్మేవాడిని. ఎవరూ నన్ను అనలేదు. ఆనాటి ఆలోచనలో అది సహజంగా వచ్చే ముగింపు, అంతే.

1990ల చివర్లో ఒక డాక్టరు ఆ ప్రశ్నలేవీ అడగలేదు. బాక్టీరియా ఉందేమో చూద్దామని పరీక్ష చేయించి, రెండు వారాలకు యాంటీబయాటిక్ మందులు రాశారు. పుండు మానిపోయింది, మళ్లీ రాలేదు. నాన్న ఆ తరువాత కూడా అంతే బెంగపెట్టుకునే మనిషిగా ఉన్నారు!

దీని వెనుక కథ నాకు చాలా ఏళ్ల తరువాత, ఒక వ్యాసం అనువదిస్తున్నప్పుడు తెలిసింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు (రోగుల శరీరం నుంచి తీసిన ముక్కలను పరీక్షించే డాక్టరు) 1979లో కడుపు పొర ముక్కల్లో వంకర తిరిగిన బాక్టీరియాను గమనించారు. అంతకుముందు కూడా కొందరు అలాంటివి చూశారు. కానీ అంత ఆమ్లంలో ఏదీ బతకదన్నది అందరూ ఒప్పుకున్న విషయం కాబట్టి, అవి బయటి నుంచి చేరిన మలినమని తోసిపుచ్చారు. వారెన్‌తో బారీ మార్షల్ అనే డాక్టరు కలిశారు. 1982లో ఆ బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచగలిగారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని స్వయంగా తాగి, కడుపు పొర వాపు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. (పుండ్లన్నిటికీ ఇదే కారణం కాదు, కొన్ని రకాల నొప్పి మాత్రల వల్ల కూడా వస్తాయి. చదివి ఎవరూ సొంతవైద్యం చేసుకోవద్దు.)

ఎదురుగా ఉన్నదాన్ని చూసి కూడా మలినం అని ఎలా అనుకున్నారు? కూన్ తన పుస్తకంలో ఒక ప్రయోగం ప్రస్తావించారు. 1949లో బ్రూనర్, పోస్ట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పేకముక్కలను క్షణకాలం చూపి, అవేమిటో చెప్పమన్నారు. వాటిలో కొన్ని తప్పు రంగువి, ఎర్ర ఇస్పేటు ఆరు, నల్ల ఆఠీను నాలుగు లాంటివి. చూసినవారు తడుముకోకుండా వాటిని మామూలు ముక్కలుగానే చెప్పారు. చూపే సమయం పెంచుతూ పోతే కొందరు తికమకపడ్డారు, తరువాత ఎక్కువమందికి అసలు సంగతి తట్టింది. కొద్దిమందికి ఎంతసేపు చూపినా తట్టలేదు. వాళ్ల కళ్లలో లోపం లేదు. ఇస్పేటు నల్లగా ఉంటుందన్న ఒరవడి ముందే దిద్దేసి ఉంది.

ఒరవడి అన్నాను కదా, నేను చివరికి చేరుకున్న తెలుగు మాట అదే. మొదట్లో పారడైమ్ షిఫ్ట్‌ను 'నమూనా మార్పు' అని రాస్తే, వ్యాసం చూసిన సంపాదకురాలు "దేని నమూనా మార్చారండీ?" అని అడిగారు. తరువాత 'దృక్పథం' అన్నాను, అది మరీ పలచబడింది. 'ఆలోచనా చట్రం' కొంత మేలు, కూన్ చెప్పిన మొదటి అర్థానికి ఇప్పటికీ అదే వాడతాను. రెండో అర్థానికి ఒరవడిని మించినది నాకు దొరకలేదు. ఈ రోజుల్లో ఆ మాటను ధోరణి అనే అర్థంలో ఎక్కువగా వాడుతున్నాం గానీ, దాని పాత అర్థం పిల్లలు చూసి దిద్దడానికి పంతులుగారు పైన రాసిచ్చే అక్షరాలు. గ్రీకు మాట చెప్పేదీ అదే. ఒరవడి దిద్దే పిల్లవాడు 'అ' ఇలాగే ఎందుకు ఉండాలని అడగడు. ఆ మాత్రం నమ్మకం లేకపోతే ఎవరికీ రాయడం రాదు. పారడైమ్‌ను సంకెళ్లలా చూపే రాతలు చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. పనిని సాగనిచ్చేది అదే, అడ్డు పడేదీ అదే.

పాత పారడైమ్‌లో ఉన్నవారిని తెలివితక్కువవారు అనడమూ అన్యాయం. ఇంగ్లండుకు చెందిన శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీ 1774లో స్వయంగా ఆక్సిజన్‌ను వేరుచేశారు. కానీ మండే వస్తువుల్లోంచి ఫ్లోజిస్టాన్ అనేది బయటికి పోతుందన్న ఆనాటి నమ్మకం ప్రకారం దాన్ని 'ఫ్లోజిస్టాన్ తీసేసిన గాలి' అన్నారు. ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజే అదే వాయువును కొత్త మూలకంగా చూసి రసాయనశాస్త్రాన్ని తిరగరాశారు. ప్రీస్ట్లీ 1804లో చనిపోయేదాకా పాత మాట వదలలేదు. ఆయన చేతినైపుణ్యాన్ని మాత్రం ఎవరూ శంకించలేరు.

ఇక మైండ్‌సెట్. అది ఒక మనిషి మనసు అలవాటుపడిన తీరు. "పరీక్షంటే భయపడే మైండ్‌సెట్" అనవచ్చు, అక్కడ పారడైమ్ అనకూడదు. పారడైమ్‌కు ఒక సమూహం కావాలి, ఆ సమూహం చాలా చిన్నదైనా సరే. పాతికమంది కూడా లేని బృందంలోనూ పారడైమ్‌ను మార్చే విప్లవం రావచ్చని కూన్ రాశారు. పర్‌స్పెక్టివ్ అంటే దృక్కోణం. కాసేపు మీ వైపు నుంచి, కాసేపు ఎదుటివారి వైపు నుంచి చూడవచ్చు. పారడైమ్‌ను అలా ఇష్టం వచ్చినప్పుడు మార్చుకోలేం. కంప్యూటర్ రంగంలో ప్రోగ్రాము రాసే పద్ధతిని ప్రోగ్రామింగ్ పారడైమ్ అంటారు, అది కొంచెం వేరు. అక్కడ రెండు మూడు పద్ధతులు ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే ఉండగలవు, ఒకటి వచ్చిందని మరొకటి పోదు.

ఇప్పుడు మీ వాక్యం. అదే పాఠం, అదే పరీక్ష, అవే మార్కులు నల్లబల్ల మీద నుంచి తెర మీదికి వచ్చి ఉంటే 'పెద్ద మార్పు' అనండి, చాలు. అలాకాక, ఎన్నేళ్లు తరగతిలో కూర్చున్నారని అడిగే చోట ఏమి చేయగలరని అడగడం మొదలైతే, ఒకే వయసువారంతా ఒకే గదిలో ఎందుకుండాలని ఉపాధ్యాయులే అడుగుతుంటే, అప్పుడు పారడైమ్ షిఫ్ట్ అన్నది సరైన మాట. మీరు ఆ వాక్యం రాస్తున్న వ్యాసంలో ఈ రెండింటిలో ఏది జరిగిందని చూపించారో సరిచూసుకోండి. మొదటిదే అయితే ఆ మాట తీసేయండి. రెండోదైతే, మారిన ప్రశ్న ఏమిటో ఆ వెంటనే ఒక్క వాక్యంలో రాయండి.