సీఎస్‌ఈ సీటు వదిలి హిమ్యరీ శాసనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. సీఎస్‌ఈలో ఏఐ బ్రాంచి సీటు వచ్చింది. తనేమో యెమెన్‌లో ఎప్పుడో ఉన్న హిమ్యరీల శాసనాలు చదువుతానని పట్టుబట్టింది. చచ్చిన భాషకు భవిష్యత్తు ఉందా? రెండు దారులనూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. ఒకసారి సంస్కృతం, ఒకసారి సంగీతం, ఈసారి హిమ్యరీ. అడిగేది కోర్సు గురించే అయినా, లోపల ఉండే భయాలు రెండు: పిల్ల రేపెలా బతుకుతుంది, అడిగినవాళ్లకు ఏమని చెప్పుకోవాలి. మొదటిది న్యాయమైన భయం. రెండోది మీది, దాన్ని అమ్మాయి నెత్తిన పెట్టకండి.

ఆమె దేని వెంట పడిందో ఒక్కసారైనా కూర్చుని విన్నారా? జఫార్ రాజధానిగా హిమ్యర్ రాజులు పొరుగు రాజ్యాలైన సబా, హద్రమౌత్‌లను కలుపుకొని దక్షిణ అరేబియాను ఏలారు. క్రీ.శ. 380 ప్రాంతంలో పాత దేవతలను వదిలి, యూదు మతం వైపు మొగ్గి, శాసనాల్లో ‘రహ్మానన్’ అనే ఒక్క దేవుణ్నే తలచుకోవడం మొదలుపెట్టారు. 523లో హిమ్యర్ రాజు చేతిలో నజ్రాన్ పట్టణపు క్రైస్తవుల ఊచకోత, దానికి బదులుగా 525లో ఎర్రసముద్రం దాటి వచ్చిన ఇథియోపియా వైపు క్రైస్తవ రాజ్యం అక్సుమ్ సేనలు... ఇస్లాంకు ముందరి అరేబియా తెలియాలంటే ఈ రాళ్లు చదవక తప్పదు. మనకు బొత్తిగా పరాయి కథ కూడా కాదు. హిమ్యరీల రాజును పేర్కొన్న పాత గ్రీకు వర్తక గ్రంథం ‘పెరిప్లస్’లోనే, మన మచిలీపట్నం తీరం సన్నబట్టల ‘మసాలియా’గా కనిపిస్తుంది.

అమ్మాయికి నా మాటగా ఇది చెప్పండి. హిమ్యరీలు ఇంట్లో మాట్లాడిన భాష గురించి దొరికేది తక్కువ. అల్ హమ్‌దానీ వంటి తరవాతి అరబ్ పండితులు రాసిపెట్టిన ముక్కలే ఎక్కువ. రాజులు చెక్కించింది సబా రాజ్యపు సబాయి భాషలో, ముస్నద్ అనే పాత దక్షిణ అరేబియా లిపిలో. 29 హల్లులు, అచ్చులకు గుర్తులుండవు. ఉత్తరాలు, లెక్కలు మాత్రం ఖర్జూరపు మట్టల కాడల మీద గీసుకునేవారు. తాటాకు మీద గంటంతో రాసిన మనకు అది వెంటనే అర్థమవుతుంది. కాబట్టి నేర్వాల్సింది సబాయి, దానికి ముందు అరబిక్, తరవాత పరిశోధన గ్రంథాల కోసం ఫ్రెంచ్, జర్మన్.

ఉద్యోగాలు? ఈ పేరుతో మన దేశంలో దొరకవనే అనుకోండి. హైదరాబాద్‌లో అరబిక్‌తో డిగ్రీ, పీజీ, ఆపైన యూరప్‌లో పీహెచ్‌డీ. పదేళ్ల దారి. యుద్ధం వల్ల యెమెన్‌లో తవ్వకాలు కష్టం. మధ్యలో ఆగినా అరబిక్ చేతిలో ఉంటుంది, గల్ఫ్‌తో ఇంత రాకపోకలున్న మనకు అది చిన్న ఆసరా కాదు.

ఇక మీరు భద్రమనుకుంటున్న సీటు. కొత్త బ్రాంచి పేరు చూసి చేర్చి, రెండో ఏడాదికల్లా నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలను చాలామందిని చూశాను. చాలాచోట్ల పాత సిలబస్‌కే కొత్త పేరు. చెప్పేవాళ్లకే ఆ సబ్జెక్టు కొత్త. ఇప్పుడు గిరాకీ ఉన్న పని నాలుగేళ్ల తరవాత అలాగే ఉంటుందని నేను హామీ ఇవ్వలేను, కాలేజీవాళ్లూ ఇవ్వలేరు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లకు అది మంచి చదువే. మీ అమ్మాయికి ఇష్టమో కాదో ఉత్తరంలో ఒక్క మాటా రాయలేదు మీరు! ఫీజు ఎంతో మాత్రం రెండుసార్లు రాశారు.

కంగారుపడకండి. పదిహేడేళ్లకే తనకేం కావాలో పేరుపెట్టి చెప్పగల పిల్ల దారి తప్పదు. కంప్యూటర్ మీద ఆసక్తి కూడా ఉంటే, ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయం దక్షిణ అరేబియా శాసనాలను డిజిటల్ భాండాగారంగా పెట్టింది, అది చూపించండి. అలాగని దాన్ని సాకు చేసి బీటెక్‌లోకి నెట్టొద్దు.

సీటు గడువు ముగిసేలోపు అరబిక్ క్లాసులో చేర్పించి, నెలరోజులు చూడండి. రోజూ ఆ పుస్తకం తనంతట తాను తెరుస్తుందా లేదా గమనించి, అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం తననే రాయనివ్వండి.