నాన్న తాగుడు మానేశాడు, నా భయం మాత్రం పోలేదు

ప్రశ్న: నా వయసు 32. చిన్నప్పుడు నాన్న రోజూ తాగొచ్చి అమ్మను కొట్టేవాడు. చెల్లిని తీసుకుని మంచం కింద దాక్కునేదాన్ని. మా ఆయన నెమ్మదస్తుడు, మందు ముట్టడు. అయినా రాత్రి గేటు గడియ చప్పుడైతే చాలు, గుండె దడ, చేతులు చల్లబడిపోతాయి. ఆ టెన్షన్‌లో ఐదేళ్ల పాప మీద అరుస్తున్నాను. నాన్న తాగుడు మానేసి ఆరేళ్లయింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు మా ఇంట్లో ఉంచుకోమని అన్నయ్య పట్టుబడుతున్నాడు. ‘అయిందేదో అయింది, ఇంకా ఎన్నాళ్లు పట్టుకుని కూర్చుంటావ్’ అంటోంది అమ్మ. - ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: తాగుడు మానేయడంతో బాగుపడింది మీ నాన్నగారు. మీరు పడ్డదానికి వైద్యం ఇంకా మొదలే కాలేదు. గడియ చప్పుడును బట్టి ఆయన ఏ స్థితిలో వచ్చాడో పసిగట్టడం ఆ వయసులో మీకు తప్పనిసరి. ఆ అలవాటు ఒంట్లో ఉండిపోయింది. మీరు కావాలని పట్టుకుని కూర్చున్నది కాదు.

ఈ రాత్రి నుంచే ఒకటి చేయొచ్చు. వీధి మలుపులో ఉండగానే ఫోన్ చేయమని, గేటు తీసే ముందు మీ పేరు పెట్టి పిలవమని మీవారికి చెప్పండి. అప్పటికీ దడ వస్తే రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ, ‘ఇది నా ఇల్లు, వచ్చింది మా ఆయన’ అని పైకే అనండి.

దీంతో దడ అదుపులోకి వస్తుందేమో గానీ, మూలం పోదు. అందుకు సైకాలజిస్టు దగ్గర థెరపీ కావాలి. ఇలాంటి గాయాలకు ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీని, అంటే ఆలోచనల్ని, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సను, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాన్ని తలుచుకునే ఈఎండీఆర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. మంచి థెరపిస్టు మొదటి రోజే కథంతా చెప్పమనరు. ముందు మిమ్మల్ని నిలదొక్కుకోనిస్తారు. కొన్ని సెషన్ల తర్వాత ఒకట్రెండు రోజులు ఇంకా బరువుగా అనిపించొచ్చు. అది చూసి మధ్యలో మానేయకండి, ఆ సంగతి వాళ్లకే చెప్పండి. ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక నాన్నగారి విషయం. ఇప్పుడు ఇంట్లో ఉంచుకోవద్దు. ఖర్చులో మీ వాటా ఇవ్వండి, చూడాలనిపిస్తే మీవారిని వెంటబెట్టుకుని ఓ పూట వెళ్లి రండి. ‘నాకు వైద్యం జరుగుతోంది, ఇప్పుడు నా వల్ల కాదు’ అన్నంత వరకే అన్నయ్యకు చెప్పండి, వాదన పెట్టుకోవద్దు. క్షమించేస్తే మనసు తేలికవుతుందని పెద్దలంటారు. నేను ఒప్పుకోను. ముందు మీరు కుదుటపడాలి. క్షమించాలో లేదో ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు, అసలు క్షమించకపోయినా వైద్యం ఆగదు. అమ్మ మాటకు నొచ్చుకోకండి. దెబ్బలు తిన్నది ఆవిడ, మరిచిపోయినట్టు ఉండకపోతే అన్నేళ్లు ఆ ఇంట్లో నెగ్గుకొచ్చేది కాదేమో.

పాప మీద అరిచినప్పుడు, కాస్త సర్దుకున్నాక పక్కన కూర్చుని ‘నువ్వేం తప్పు చేయలేదు, అమ్మకు భయమేసి అరిచింది’ అని చెప్పండి. చేయి చేసుకునేదాకా వచ్చినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా థెరపీ రోజు కోసం ఆగకండి, వెంటనే మీవారికి చెప్పి అదే రోజు సైకియాట్రిస్టును కలవండి.